వేళాకోళం వరస

కటోంగో మాత్ర వేసుకోవడమంటే లుసాకాలోని చిలెంజే పేటలో రోజూ జరిగే చిన్నపాటి తతంగం. పేటలోని కోళ్ళు ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే అతని భార్య కంపంబ లేచేది. బొగ్గుల కుంపటి రాజేసి మొక్కజొన్న జావ కాచి, ఒక చేతిలో గ్లాసుడు నీళ్ళు, రెండో అరచేతిలో తెల్లటి మాత్ర పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడేది. ఆవిడ అలా నిలబడిందంటే గాలి కూడా అడిగి వెళ్ళాల్సిందే. లువాంగ్వా వంతెన దగ్గర తుపాకులు భుజాన వేసుకుని కాపలా కాసే సిపాయిలు ఆవిడ దగ్గరికొచ్చి నాలుగు రోజులు పని నేర్చుకుంటే దేశానికి మంచిది.

"లొంబె నాన్నా, నోరు."

"తెరిచాను కదా."

"తెరిచింది నోరా, కన్నమా? ఇంకాస్త."

యాభై దాటిన మనిషి, తలుపు చట్రానికి తల తగిలేంత పొడుగు, లుసాకా నుంచి చిపాటా దాకా పోయే పెద్ద ఎర్రబస్సుని ఆటబొమ్మలా తిప్పే మనిషి కటోంగో. భార్య ముందు మాత్రం చంటిపిల్లాడిలా నోరు తెరిచేవాడు. ఆవిడ మాత్రని నాలుక మీద పెట్టేది. అతను గటగటా నీళ్ళు తాగేవాడు. గొంతులో ముడి పైకీ కిందకీ కదలడం కళ్ళారా చూశాకే కంపంబ అతని చొక్కా కాలరు సర్ది దారి వదిలేది. ఆ ఘడియలో ఆవిడ మొహంలో కనిపించే తృప్తి, బిడ్డకి కడుపునిండా పాలిచ్చిన తల్లి మొహంలో ఉండేలాంటిది.

సరిగ్గా ఆ సమయానికే గేటు దగ్గర ఈల వినిపించేది. ఆ ఈల జెరెది. అదే బస్సులో కండక్టరు. పిట్టంత మనిషి, ఒంట్లో సగం జాగా గొంతుకే ఇచ్చేశాడని అందరూ అనేవారు. బస్‌స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఇక్కడ ఆగి టీ తాగకపోతే అతని బస్సు కదలదు.

"ఏం మరదలా, కోతికి మేత పెట్టడం అయిందా?"

"అయింది బావా. నీకూ పెట్టేదాన్నే, మా ఇంట్లో ఎలుకలన్నీ నువ్వు వస్తున్నావని తెలిసి పారిపోయాయి."

కంపంబా కటోంగో బెంబా వాళ్ళు. జెరె న్గోనీ వాడు. ఎప్పుడో ముత్తాతల నాడు ఈ రెండు జాతులూ బల్లేలతో పొడుచుకున్నాయి. ఆ లెక్క సరిపెట్టుకోవడానికి ఇప్పుడు ఎక్కడ కలిస్తే అక్కడ మాటలతో పొడుచుకోవాలి. అది వరస. బెంబా వాళ్ళు కోతుల్ని తింటారని న్గోనీ వాళ్ళంటే, తూర్పున ఉండే న్గోనీ వాళ్ళు ఎలుకల్ని తింటారని బెంబా వాళ్ళంటారు. పెళ్ళిలో అనొచ్చు, చర్చి మెట్ల మీద అనొచ్చు, శవం పక్కన కూర్చుని కూడా అనొచ్చు. ఎంత మాటన్నా నవ్వాలి. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

"నువ్వు ఊరికే మురిసిపోతున్నావు మరదలా," అన్నాడు జెరె ఆ రోజు, టీ ఊదుకుంటూ. "మీ ఆయన మాత్ర మింగాడనుకుంటున్నావా? కోతిజాతి కదా, బుగ్గలో దాచుకున్నాడు. చొంగ్వే ఊరు దాటాక కిటికీలోంచి ఉమ్మేస్తాడు. అక్కడి అడవిలో చెట్లకి కూడా ఈపాటికి ప్రెషర్ తగ్గిపోయుంటుంది."

కంపంబ కడుపు పట్టుకుని నవ్వింది. ఇంటర్ పరీక్షలకి చదువుకుంటున్న కూతురు లొంబె గదిలోంచి నవ్వింది. కటోంగో అందరికన్నా గట్టిగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, "పద పద, టైమైంది," అంటూ సంచీ భుజాన వేసుకున్నాడు.

పోయిన వానాకాలంలో పేట క్లినిక్‌లో ప్రెషర్ ఉందని చెప్పిన రోజు నుంచీ కంపంబ ఉప్పు మీద యుద్ధం ప్రకటించింది. ఉప్పు డబ్బాని పక్కింటావిడకి దానం చేసేసింది. బెండకాయ కూర జిగురుగా రావడానికి వేసే సోడా కూడా ఉప్పుకి చెల్లెలేనని ఎవరో చెబితే, అదీ ఇల్లు దాటిపోయింది. ఎండు కపెంటా చేపల్ని నీళ్ళు మార్చి నీళ్ళు మార్చి కడిగేది. తాము ఒకప్పుడు టాంగన్యీకా సరస్సులో ఈదామన్న సంగతి ఆ చేపలే మర్చిపోయేదాకా కడిగేది.

"అమ్మా, ఈ కూర తింటుంటే ఏ నేరం చేసి ఇక్కడికొచ్చానా అనిపిస్తోంది," అనేది లొంబె. "ప్రెషర్ నాన్నది, జైలు నాదా?"

"నాన్న ఉంటేనే నీకు కూర. నోర్మూసుకుని తిను."

ఇంత చేసినా క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ అంకె పెరుగుతూనే ఉంది. ఇంకాస్త బలమైన మాత్ర రాశారు. అప్పటికీ తగ్గలేదు. కంపంబకి అర్థమయ్యేది కాదు. మాత్ర తన కళ్ళముందే వేసుకుంటున్నాడు, ఉప్పు గడప దాటి రావడం లేదు. మరి ప్రెషర్ ఏ కిటికీలోంచి దూరుతోంది?

ఉద్యోగంలోంచి అని ఆవిడకి తెలియకపోలేదు. ఆ తూర్పు రోడ్డంతా కొండమలుపులు, మేకలు, పోలీసు తనిఖీలు. అవి చాలవన్నట్టు ఆ మధ్య ఓనరు బస్సులో ఏదో పెట్టె బిగించాడు. స్టాపు కానిచోట బస్సు కాసేపు ఆగితే చాలు, లుసాకాలో ఆయన ఫోను మోగుతుంది, మరుక్షణం కటోంగో ఫోను మోగుతుంది. వెనకాల పోటీ కంపెనీ నీలం బస్సు తరుముతూ ఉంటుంది. న్యింబా స్టాపుకి ఎవరు ముందు చేరితే ప్రయాణికులు వాళ్ళ వాళ్ళు. కటోంగో నిద్రలో పళ్ళు పటపటా కొరికేవాడు. కుడికాలు దుప్పటి మీద బ్రేకు నొక్కేది. ఓసారి ఎంత బలంగా నొక్కాడంటే మంచం చివరి పలక ఊడి గోడకి కొట్టుకుంది, పక్కింటివాళ్ళు దొంగలనుకుని గునపాలతో వచ్చారు. పేటలో అది పెద్ద జోకయింది. కంపంబ మాత్రం ఆ పలకకి మేకులు కొడుతూ ఏడ్చింది.

ఆ ఆదివారం జెరెని భోజనానికి పిలిచారు. చర్చి మహిళా సంఘానికి ఎవరో ప్రెషర్ చూసే మిషను ఇచ్చారు. అది ఇంటింటికీ తిరుగుతూ ఆ వారానికి కంపంబ వంతుకొచ్చింది. వేడివేడి మొక్కజొన్న పిండి న్షీమా ముద్దలు పళ్ళెంలో పెట్టి, గుమ్మడాకు పల్లీపొడి కూర పక్కన వడ్డించి, భర్త చెయ్యి లాగి పట్టీ చుట్టింది. మిషను బుస్సుమంటూ ఊపిరి పీల్చి, వదిలి, అంకె చూపించింది. నూట తొంభై పైన.

లొంబె వంగి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మిషను పాడైపోయింది," అన్నాడు కటోంగో.

"పొద్దున్న నాకు బాగానే చూపించింది. ఎక్కడ తింటున్నారు ఉప్పు? నిజం చెప్పండి."

"ఎక్కడా తినట్లేదు. ముద్ద చల్లారిపోతోంది, పెట్టు."

కంపంబ జెరె వైపు తిరిగింది. "నీ పనే ఇది. చిపాటాలో మీవాళ్ళు ఉప్పేసి ఎండబెట్టిన ఎలుకలు తెచ్చి మా ఆయనకి పెడుతున్నావు కదూ?"

"మా ఎలుకలా? ఒక్క ఎలుక కావాలంటే మీ బెంబావాళ్ళు సైకిలు తాకట్టు పెట్టాలి. ఊరికే పెట్టేందుకు నాకేం పిచ్చా?"

మామూలుగా అయితే అక్కడ నవ్వులు పూయాలి. కంపంబ నవ్వలేదు. పట్టీ విప్పుతూ, ఎన్నో రోజులుగా లోపల మరగబెట్టుకున్న మాటని బయటికి వంచేసింది.

"రేపు నేనే ఓనరు దగ్గరికి వెళ్తాను. ఈయనకి ప్రెషర్ ఇంత ఉంది, బస్సు ఇవ్వొద్దు, గ్యారేజీలో ఏదన్నా పని చూపించండి అని కాళ్ళు పట్టుకుని చెప్తాను."

కటోంగో ముద్ద పళ్ళెంలో పడేశాడు. "వెళ్ళి చూడు."

"వెళ్తాను."

"నువ్వు ఆ గేటులో అడుగు పెట్టిన రోజే నా పరువు ఆ గేటు బయట పడుతుంది. గ్యారేజీలో ఏం చెయ్యమంటావు నన్ను? నిన్నటిదాకా నాకు సలాం కొట్టినవాళ్ళ బస్సులు కడగమంటావా? స్టీరింగ్ లేని కటోంగోని ఏం చేసుకుంటావే? పెరట్లో కోళ్ళకి కాపలా పెడతావా?"

"కోళ్ళకే పెడతాను! ఊపిరితో ఉన్న మనిషిని దేనికైనా పెట్టుకోవచ్చు. పోయినవాడిని ఏం చేసుకోను?"

"నాన్నా, అరవకండి, మీకు ప్రెషర్..." అంది లొంబె.

"ప్రెషర్! ప్రెషర్! లేస్తే ప్రెషర్, కూర్చుంటే ప్రెషర్! ఈ ఇంట్లో నా పేరు కూడా ప్రెషరే అయిపోయింది! రోడ్డు మీద ఓనరు కాపలా, ఇంట్లో మీ అమ్మ కాపలా. నోరు తెరు అంటే తెరవడానికి నేనేమన్నా అమ్మకానికొచ్చిన గాడిదనా?"

మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. కంపంబ మాట్లాడబోయి ఆ నరాల్ని చూసి ఆగిపోయింది.

అప్పుడు జెరె చేతులు కడుక్కున్నాడు. తిండి మధ్యలో లేచి చేతులు కడుక్కోవడం జెరె జాతకంలో లేదు. "మరదలా," అన్నాడు, "ఉప్పు కాదు. మీ ఆయన మాత్ర మింగట్లేదు. బస్సు నడిపే రోజు ఒక్కటి కూడా మింగట్లేదు."

కంపంబ అతని మొహంలోకి చూసింది. నవ్వు లేదు. కానీ గొప్ప అబద్ధాలు చెప్పేటప్పుడు ఆ మొహంలో ఏనాడూ నవ్వు ఉండదు. అదే అతని విద్య. కటోంగో ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసి, తొడ చరుచుకుని, గోడలు అదిరేలా నవ్వాడు.

"చూశావా లొంబె అమ్మా, ఎలుకలోడు మళ్ళీ మొదలుపెట్టాడు! బుగ్గలో దాచుకున్నానంటాడు ఇప్పుడు!"

"నవ్వులాట కాదు మరదలా. నిజంగా చెప్తున్నా."

"పోయినసారీ నవ్వులాట కాదనే మొదలుపెట్టావు," అంది కంపంబ. అప్పటికే పెదవి చివర నవ్వు లాగేస్తోంది ఆవిడని. "చనిపోయిన మా అత్తగారు మేకగా పుట్టి, కటెటె సంతలో నిన్ను గుర్తుపట్టి, నాకు బాకీ ఉన్నావని అరిచిందన్నావు."

లొంబె కిసుక్కుమంది. కంపంబా నవ్వేసింది. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటుంటే మధ్యలో ఒక పరాచికం వేసి చల్లార్చడం వరసైనవాడి ధర్మం, జెరె తన ధర్మం చేశాడని ఆవిడకి అనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ అతని పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది. ఓనరు మాట ఆ పూటకి ఎవరూ ఎత్తలేదు. జెరె ఏదో అనబోయి, కటోంగో వైపు చూసి, నోరు మూసుకున్నాడు. కడిగిన చేతులతోనే మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఆ గురువారం మధ్యాహ్నం కంపంబ వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకి కాలర్లు వేస్తుంటే ఫోను మోగింది. జెరె. రోడ్డు మీద ఉండగా జెరె ఎప్పుడూ ఫోను చెయ్యడు.

"అమ్మగారూ," అన్నాడు.

ఇరవై ఏళ్ళ పరిచయంలో అతని నోట ఆ మాట ఆవిడ వినలేదు. తర్వాతి మాట రాకముందే, ఆ గౌరవానికే ఆవిడ కుట్టుమిషను వదిలేసి లేచి నిలబడింది.

లువాంగ్వా వంతెనకి ముందు కొండ దిగే మలుపుల్లో కటోంగో కుడిచెయ్యి ఉన్నట్టుండి స్టీరింగ్ మీద నుంచి జారి ఒళ్ళో పడింది. కుడికాలు మాట వినలేదు. ఒక పక్క లోయ, ఇంకో పక్క మట్టిగట్టు. అతను ఎడమచేత్తో స్టీరింగ్ తిప్పి, ఎడమకాలిని అడ్డంగా లాక్కొచ్చి బ్రేకు మీద పెట్టి, బస్సుని గట్టుకి రాసుకుంటూ తీసుకెళ్ళి ఆపాడు. ఒక ముసలావిడ బుట్టలోంచి కోడి తప్పించుకుంది. అంతకుమించి ఎవరికీ గోరంత గాయం కాలేదు. బస్సు ఆగిందని రూఢి చేసుకున్నాకే తల స్టీరింగ్ మీద వాల్చాడు. ఇలాంటిది ఇంకెవరైనా చెబితే కోతలనుకోవచ్చు. అరవైమంది కళ్ళారా చూశారు.

చీకటి పడకముందే అతన్ని లుసాకా పెద్దాసుపత్రికి చేర్చారు. ప్రాణానికి ముప్పు తప్పిందన్నారు. కుడిపక్క పడిపోయిందన్నారు. మాట సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. కంపంబ వార్డు బయటికొచ్చేసరికి జెరె గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉన్నాడు. యూనిఫాం చొక్కా మీద ఎర్రమట్టి. ఆవిడని చూసి లేచాడు.

"నేను చెప్పాను," అన్నాడు గొణిగినట్టు.

"ఏం చెప్పావు?"

"బుగ్గలో దాచుకుంటున్నాడని. ఎన్నిసార్లు... ఆదివారం కూడా చెప్పాను."

కంపంబకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నడుముకి చుట్టుకున్న చిటెంగె కొంగు పిడికిట్లో బిగిసింది. "అది చెప్పడమా?" ఆవిడ గొంతుకి వార్డులో మంచాల మీద ఉన్నవాళ్ళు కూడా తలలెత్తారు. "అది చెప్పడమా జెరె? ఇంట్లో నిప్పంటుకుంటే పరాచికాలాడతావా? కోతి అన్నావు, మేత అన్నావు, అడవిలో చెట్లకి ప్రెషర్ తగ్గిందన్నావు! ఒక్కరోజు నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి చెప్పలేకపోయావా?"

"ఒట్టు వేయించుకున్నాడు. మా అమ్మ మీద. నీతో చెప్పనని."

"మరి చెప్పానంటావేం?"

"పరాచికానికి ఒట్టు అడ్డం రాదు కదా అనుకున్నా." జెరె తల వంచుకున్నాడు. "అలా అంటే నీకు చెప్పినట్టూ ఉంటుంది, వాడికి మాట తప్పినట్టూ ఉండదు. రోజూ పొద్దున్న నీ టీ తాగి, ఆ జోకు వేసి, నా పని అయిపోయిందని బస్సెక్కేవాణ్ణి. నా మనసు కడుక్కున్నాను, అంతే. నువ్వు నవ్వినప్పుడల్లా హాయిగా ఉండేది కూడా."

"ఎందుకు? ఎందుకు ఉమ్మేశాడు? చేదా? విషమా?"

జెరె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒంటికి, మరదలా. ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటికొస్తుంది. మొదట్లో మింగేవాడు. ఒకరోజు న్యింబా చేరేలోపలే మూడుసార్లు బస్సాపి పొదల్లోకి వెళ్ళాడు. జనం రేకులు బాదారు. డ్రైవరు తాతా, కుండ తెచ్చుకోలేకపోయావా అన్నారు. ఎవతో పిల్ల కిటికీలోంచి ఫోనులో బొమ్మ తీసింది. నీలం బస్సువాడు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాడు. సాయంత్రం డిపోలో డ్రైవర్లందరి ముందూ ఓనరు అన్నాడు, పసిపిల్లలకి కట్టే గుడ్డ కట్టుకుని రావయ్యా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వరస కదా, నవ్వకపోతే వాడికి ఇంకా చిన్నతనంగా ఉంటుందనుకున్నా. మర్నాటి నుంచీ చొంగ్వే దాటగానే ఉమ్మేయడం మొదలుపెట్టాడు. ఆదివారాలు మింగేవాడు. నీళ్ళు కూడా తాగేవాడు కాదు బస్సులో."

"నాతో చెప్పొచ్చుగా! పెళ్ళాన్ని! నాతో చెప్పడానికేం?"

జెరె ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు. "నీతో చెబితే ఓనరు దగ్గరికి వెళ్తావన్నాడు."

ఆదివారం మధ్యాహ్నం తన గొంతు కంపంబకే వినిపించింది. తట్టుకోలేక, చేతికందిన మాట తీసి విసిరింది: "వెళ్ళిపో. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు."

వరసైనవాడితో ఆ మాట అనకూడదు. ఎవరూ అనరు. లొంబె తల్లి చెయ్యి పట్టుకుని ఆపబోయింది. జెరె మాత్రం న్యాయమైన శిక్ష విన్నవాడిలా తలూపాడు, కానీ కదల్లేదు. గోడ దగ్గరే నిలబడిపోయాడు.

అంతలో సిస్టరమ్మ బయటికొచ్చింది. లొంబెకన్నా నాలుగైదేళ్ళు పెద్దది కావచ్చు. "అమ్మా, ఈయన ప్రెషర్ మాత్రలు సరిగ్గా వాడేవారా?"

"నా చేత్తో నోట్లో పెట్టేదాన్ని," అంది కంపంబ. "మింగలేదట."

"ఏం ఇబ్బందిగా ఉండేది మాత్రతో?"

కంపంబ జెరె వైపు చూసింది. జెరె గోడ దగ్గర నుంచే, తల ఎత్తకుండా చెప్పాడు. సిస్టరమ్మ నుదురు రుద్దుకుంది.

"చాలామందికి అలాగే ఉంటుందమ్మా, నీళ్ళు బయటికి పంపే మాత్ర అది. దూరం బస్సు డ్రైవరునని ఒక్క మాట అంటే మార్చి ఇచ్చేవాళ్ళే. ఇలా మాటిమాటికీ దిగాల్సిన పనిలేని రకాలు వేరే ఉన్నాయి. క్లినిక్‌లో చెప్పలేదా?"

"వాళ్ళు అడగలేదు. ఈయన చెప్పలేదు."

"మీరు?"

"నేను ఉప్పు గురించి చెప్పాను," అంది కంపంబ.

సిస్టరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది. కంపంబ అక్కడే నేల మీద కూలబడింది. మందు మారిస్తే పోయేది. ఇంత కొండంత మనిషి మంచాన పడ్డాడు, మందు మారిస్తే పోయేదట. ఇన్నాళ్ళూ గుమ్మానికి అడ్డంగా నిలబడి నోరు తెరవండి, మింగండి అంది. తెరిచిన ఆ నోటితో ఏమన్నా చెప్పాలని ఉందా అని ఒక్కసారి అడగలేదు. చేపల్ని అడగనట్టే మొగుణ్ణీ అడగలేదు. కడగడమే తెలుసు తనకి.

నాలుగు రోజులు జెరె వార్డులోకి రాలేదు. పనికి సెలవు పెట్టి, ఆసుపత్రి ప్రహరీ పక్కన, రోగుల బంధువులు వంటలు చేసుకునే చోట కూర్చునేవాడు. బొగ్గులు తెచ్చేవాడు, నీళ్ళు మోసేవాడు, లొంబె చేత పంపేవాడు. కంపంబ ఆ నీళ్ళు వాడేది. అతని పేరు మాత్రం ఎత్తేది కాదు. ఓనరు ఇంకో డ్రైవరుని పెట్టుకున్నాడు. ఎర్రబస్సు రోజూ టైముకే వెళ్తోంది.

ఐదో రోజు పొద్దున్న కటోంగో అస్థిమితంగా ఉన్నాడు. ఎడమచేత్తో దుప్పటి అంచు లాక్కుంటున్నాడు. మొహం గోడవైపు తిప్పుకుంటున్నాడు. వంకరపోయిన నోట్లోంచి ఏదో శబ్దం వస్తోంది, మాట మాత్రం కావడం లేదు.

"నీళ్ళా నాన్నా?" అంది లొంబె. "దిండు సర్దనా? తలనొప్పా? డాక్టర్ని పిలవనా? అమ్మా, దిండేననుకుంటా, నువ్వు ఆ పక్క పట్టు..."

"ఉండు," అంది కంపంబ. "నాన్నని చెప్పనీ."

మంచం అంచున కూర్చుంది. మామూలుగా అయితే ఈపాటికి తనే దిండు సర్ది, నీళ్ళు పట్టి, మొహం తుడిచి, ఆయనకేం కావాలో తనే తేల్చేసి ఉండేది. చేతులు ఊరుకోనంటున్నాయి. వాటిని ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టి అదిమిపట్టుకుంది.

"ఏం ఇబ్బందిగా ఉందండీ మీకు?" అని అడిగింది.

కటోంగో ఆవిడ కళ్ళలోకి చూశాడు. పెదవులు కూడబలుక్కున్నాయి, విడిపోయాయి. మళ్ళీ. ఎదురు మంచం ముసలాయన ముక్కు చీదాడు, ఎవరిదో గిన్నె కింద పడింది. కంపంబ కదల్లేదు.

"సి..." అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. "సిగ్గు."

ఆవిడ దుప్పటి ఎత్తి చూసింది. పక్క తడిసి ఉంది. ఎప్పుడు తడిసిందో, ఎంతసేపటి నుంచి అలాగే పడుకుని ఉన్నాడో. కటోంగో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, వాటి చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"లొంబె, బయటికెళ్ళు. వెళ్ళి జెరెని పిలువు."

జెరె వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎక్కడ నిలబడాలో, ఆవిడని ఏమని పిలవాలో తెలియనట్టు టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. కంపంబ తెర లాగి, ఉతికిన దుప్పటి తీసింది.

"రా బావా," అంది. "నువ్వు భుజాలు పట్టుకో. బరువు, నా ఒక్కదాని వల్ల కాదు."

జెరె తన పిట్ట చేతులతో స్నేహితుణ్ణి గుండెకి అదుముకుని లేపాడు. అలవాటు కొద్దీ ఏదో అనడానికి నోరు తెరిచాడు. కోతి అన్న మాట అతని పెదవుల దాకా వచ్చిందని ముగ్గురికీ తెలిసింది. బయటికి రాలేదు. బదులుగా జెరె గొంతులోంచి ఒక వెక్కు వచ్చింది, ఆపైన ఇంకోటి. కటోంగో తల అతని మెడ మీద వాలిపోయి ఉంది. ఆ పనిచేసే ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచి జెరె వీపు మీద, ఎర్రమట్టి ఇంకా వదలని ఆ చొక్కా మీద ఆగింది.

కంపంబ తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది. తొందరపడలేదు. తడిసిన దుప్పటిని చుట్టి మంచం కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ అదే చోట కూర్చుంది.

"ఇందులో సిగ్గేముందండీ," అంది. ఆ మాటకి ఇప్పుడు అంత విలువ లేదని, అనాల్సిన రోజులు ఎప్పుడో దాటిపోయాయని ఆవిడకి తెలుసు. అయినా అంది.

తర్వాత కళ్ళు తుడుచుకుని మొహం అతని మొహానికి దగ్గరగా పెట్టింది.

"ఇంకేం ఇబ్బందిగా ఉంది? నెమ్మదిగానే చెప్పండి. ఎంతసేపైనా ఫర్వాలేదు, నేనిక్కడే కూర్చుని ఉన్నాను."

కటోంగో పెదవులు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. కంపంబా జెరే మంచానికి చెరోవైపు కూర్చుని, ఆ మాట కోసం చూస్తూ ఉండిపోయారు.